మయసభలో కింకరులు

చదవని పుస్తకాన్ని విమర్శించటం విమర్శకుడు చెయ్యగల తప్పులన్నిటిలోకీ తేలికైనది. దానికి శ్రమ అక్కర్లేదు, చేతిలో ఒక సిద్ధాంతం ఉంటే చాలు. నేను ఆ తప్పు చేశాను. నలభై మంది విద్యార్థుల ఎదుట, అధ్యక్షస్థానంలో కూచుని చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు గనక అది తప్పని చాలాకాలం దాకా నాకు తెలియలేదు.

2021 డిసెంబరులో మా ఊళ్ళో విద్యార్థుల సాహిత్యగోష్ఠి జరిగింది. కరోనా మూలంగా నిలిచిపోయి మళ్ళీ మొదలైన గోష్ఠి అది. డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్న ఒక కుర్రవాడు అందులో ఒక పత్రం చదివాడు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలూ, కాలేజీ వయసువాళ్ళూ చదువుకునేందుకు ఇంగ్లీషులో రాసే సైన్సు నవలలు కొన్ని ఉన్నాయి. వాటిలో కథ జరిగేది వర్చువల్ రియాలిటీ ఆటల్లో. తలకు ఒక హెడ్‌సెట్టు తగిలించుకోగానే లేని లోకం ఉన్నట్టే కనిపిస్తుంది, వినిపిస్తుంది. చెయ్యి చాస్తే చేతికి తగిలినట్టే ఉంటుంది. ఆ లోకంలో మనుషులు మారుపేర్లతో, మారువేషాలతో యుద్ధాలు చేస్తారు, ధనం సంపాదిస్తారు, స్నేహాలు చేస్తారు. ఈ నవలలను అభ్యుదయ సాహిత్యోద్యమం పట్టించుకోవాలని ఆ కుర్రవాడి వాదం.

ముగింపు ఉపన్యాసంలో నేను ఆ వాదాన్ని రెండు నిమిషాల్లో తేల్చేశాను. కడుపు నిండిన దేశాల పిల్లలు కుర్చీలోంచి లేవకుండా రాక్షసులను చంపే కథలతో మనకు పనిలేదన్నాను. వాస్తవాన్ని మార్చే ధైర్యం లేనివాడు మిథ్యను ఆశ్రయిస్తాడనీ, దీన్నే పలాయనవాదం అంటారనీ అన్నాను. మయసభలో నేల అనుకుని నీళ్ళలో అడుగుపెట్టిన దుర్యోధనుడితో ఈ నవలల పాఠకుణ్ణి పోల్చాను. చప్పట్లు ఆ పోలికకే. కుర్రవాడు కాగితాలు సర్దుకుని, "సరే మాస్టారూ" అని వెళ్ళిపోయాడు. ఆ తరువాత గోష్ఠులకు రాలేదు.

మళ్ళీ 2024 సంక్రాంతికి మా ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నానన్నాడు. విదేశీ కంపెనీలు తయారుచేసే ఆటలను అమ్మకానికి వదిలే ముందు పరీక్షించే పని. పరీక్షించటం అంటే కూచుని ఆడుకోవటమేగా అన్నాను. అతను నవ్వి వివరించాడు. ఆటలో ఒక కోట ఉంటుంది. ఆ కోటగోడల్లో పాత్ర ఎక్కడైనా గోడలోకి దూరిపోయే లోపం ఉన్నదేమో చూడాలి. అందుకు పాత్రను గోడకేసి నడిపించాలి. ఒక అడుగు పక్కకు జరిపి మళ్ళీ నడిపించాలి. తరువాత పరుగెత్తించాలి, దూకించాలి. ఒక కోట పూర్తి అయేసరికి వారం పడుతుంది. లోపం కనిపిస్తే అది ఎట్లా వచ్చిందో మెట్టు మెట్టుగా రాసి పంపాలి. బాగుచేశామని కబురు వచ్చాక మళ్ళీ మొదటి గోడ దగ్గర్నించి మొదలు. ఆట చేయించేవాళ్ళకు పగలైనప్పుడు మనకు రాత్రి గనక పని రాత్రిపూట. హెడ్‌సెట్టుతో ఆడే ఆటయితే రెండు గంటలు గడిచేసరికి కడుపులో తిప్పుతుంది, ముఖాన పట్టీ వాత పడుతుంది. ఉద్యోగం ఆరేసి నెలల కాంట్రాక్టు. ఏ ఆటను పరీక్షిస్తున్నదీ ఇంట్లో కూడా చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. ఆట పూర్తయినాక తెరమీద పేర్లు వస్తాయి. వాటిలో అతని పేరు ఉండదు.

కాఫీ తాగుతూ, "అప్పుడు ఆ నవలల్లో మీరు ఏవి చదివారు మాస్టారూ?" అని అడిగాడు. దెప్పటానికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వెళ్ళేటప్పుడు సంచిలోంచి మూడు పుస్తకాలు తీసి బల్లమీద పెట్టి వెళ్ళాడు. ఆ వేసవిలో వాటిని చదివాను. వాటి వెంట మరికొన్ని చదివాను. ఈ వ్యాసంలో ఆ కుర్రవాడి పేరు రాయటం లేదు. కారణం పాఠకులు ఊహించగలరు.

పిల్లల కల్పన పట్ల నేను చూపిన చులకన నా సొంత అనుభవానికే విరుద్ధమని ముందుగా ఒప్పుకోవాలి. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో చందమామ దాచుకుని దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు చదివినవాణ్ణి. ఆ మాంత్రికులూ, ఆ వింతద్వీపాలూ నన్ను వాస్తవానికి దూరం చేశాయని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామలో పనిచేశాడు. మధ్యతరగతి బతుకులోని బూటకాన్ని అంత నిర్దాక్షిణ్యంగా చూపిన రచయిత, పిల్లల కథలు దిద్దటం తన స్థాయికి తక్కువ అనుకోలేదు. ఆయనకు అడ్డురాని కల్పన నాకెందుకు అడ్డువచ్చింది? మాంత్రికుడి స్థానంలో కంప్యూటరు వచ్చేసరికి, నాకు తెలియనిదంతా శత్రువుదే అనుకున్నాను కాబోలు.

నా తప్పు ఎక్కడున్నదో నా ఉపమానమే చూపించింది. ఆ వేసవిలోనే సభాపర్వం తిరగేశాను. మయసభ అనగానే మనకు దుర్యోధనుడి పరాభవం ఒక్కటే గుర్తుకు వస్తుంది. కాని వ్యాసుడు ఆ సభను ఎట్లా కట్టారో కూడా చెప్పాడు. మయుడు బిందుసరస్సు దగ్గర్నించి సామగ్రి తెప్పించాడు. కట్టడానికి పద్నాలుగు నెలలు పట్టింది. కట్టిన తరువాత దాన్ని కాపలా కాయటానికీ, మొయ్యటానికీ ఎనిమిది వేలమంది రాక్షసులు ఉండేవాళ్ళు. వాళ్ళ పేరు కింకరులు. కింకరుడంటే "ఏం చెయ్యమంటారు?" అని అడిగేవాడని వ్యుత్పత్తి. దుర్యోధనుడు నీళ్ళలో పడటాన్ని వెయ్యిసార్లు చెప్పుకున్న మనం ఈ ఎనిమిది వేలమందిని ఒక్కసారి కూడా తలుచుకోలేదు. నా ఉపన్యాసంలో నేను తలుచుకోలేదు. ఆ గదిలో వాళ్ళ పక్షాన మాట్లాడింది ఆ కుర్రవాడు ఒక్కడే.

కల్పితలోకమా, వాస్తవలోకమా అన్న ప్రశ్న దగ్గర విమర్శకుడు ఆగిపోకూడదు. ఆ కల్పితలోకాన్ని ఎవరు మోస్తున్నారు, దానిమీద హక్కు ఎవరిది అన్న ప్రశ్న కథలో ఉన్నదా లేదా అని చూడాలి. ఆ గీటురాయి మీద ఈ నవలలు అన్నీ ఒక్కటి కావు.

ఈ రకం కథల్లో ముందుగా వచ్చినవాటిలో అమెరికన్ రచయిత్రి వివియన్ వాండె వెల్డె నవలలున్నాయి. 2002లో వచ్చిన "ఎయిర్ అప్పారెంట్" చాలా సరదా అయిన పుస్తకం. జియనీన్ అనే పద్నాలుగేళ్ళ పిల్ల పుట్టినరోజున ఒక ఆటశాలకు వెళ్ళి, రాజ్యానికి వారసురాలయే ఆటలో ప్రవేశిస్తుంది. ఇటువంటి ఆటలు పిల్లలను చెడగొడుతున్నాయని బయట కొందరు పెద్దలు ఆందోళన చేస్తూంటారు. వాళ్ళు ఆవేశంలో యంత్రాలు పగలగొడతారు. దానితో ఆ పిల్ల ఆటలో చిక్కుబడిపోతుంది. గెలిస్తేగాని ప్రాణాలతో బయటికి రాలేదు. ఆటలో ఉన్న రాజకుమారులు, మంత్రగాళ్ళు ఎవరూ చెయ్యలేని హాని ఆ పిల్లకు ఆమె హితం కోరినవాళ్ళు చేశారు. ఈ పేజీలు చదువుతూంటే ఆ పెద్దల గుంపులో నా ముఖం నాకు కనిపించింది. అయితే వాండె వెల్డె కథ సామాజిక వ్యవస్థ జోలికి పోదు. ఆట ఆటగానే ఉంటుంది.

దీనికి భిన్నమైనది 2004లో డబ్లిన్‌లో అచ్చయిన "ఎపిక్". రచయిత కానర్ కాస్టిక్ వృత్తిరీత్యా చరిత్రకారుడు. 1917 మొదలు 1923 దాకా ఐర్లండులో సామాన్య ప్రజలు చేసిన పోరాటాల మీద గ్రంథం రాసినవాడు. ఆ చరిత్రకారుడి చూపు ఈ పిల్లల నవలలో పేజీ పేజీకీ కనిపిస్తుంది.

కథ "కొత్త భూమి" అనే గ్రహం మీద జరుగుతుంది. అక్కడ హింస నిషిద్ధం. మనిషి మనిషిని కొట్టటం మహాపరాధం. మరి తగవులు ఎట్లా తీరతాయి? ఎపిక్ అనే ఆటలో తీరతాయి. పొలానికి పనిముట్టు కావాలన్నా, పెద్ద చదువు కావాలన్నా, ఆస్పత్రిలో చికిత్స కావాలన్నా ఆటలో సంపాదించిన ధనం, ఆటలో గెలిచిన బలమే ఆధారం. ప్రభుత్వ నిర్ణయం అన్యాయమని తోస్తే దాన్ని ఆటలోని రంగస్థలంలో సవాలు చెయ్యవచ్చు. చట్టం దృష్టిలో అందరూ సమానులే. కాని వనరులు పంచే కేంద్రసంఘం సభ్యుల పాత్రలు ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న ఆయుధాలతో, మంత్రశక్తులతో ఉంటాయి. పగలల్లా పొలంలో పనిచేసి, సాయంత్రం రెండు గంటలు ఆడే రైతు పాత్ర వాళ్ళ ముందు ఒక్క నిమిషం నిలవదు. సవాలు చేసే హక్కు అందరికీ ఉన్నది. గెలిచే అవకాశం కొందరికే ఉన్నది.

ఆస్తి గలవాడికీ లేనివాడికీ ఒకే చట్టం ఉన్న సమాజంలో సమానత్వం అంటే ఏమిటో నేను ఇరవై ఏళ్ళపాటు తరగతిలో చెప్పాను. కాస్టిక్ చెప్పినంత తేలికగా ఏనాడూ చెప్పలేకపోయాను. పన్నెండేళ్ళ పిల్లకు కూడా ఇది పాఠంలాగా కాక కథలాగా అర్థమవుతుంది. కథానాయకుడు ఎరిక్ అందరూ చేసే పనికి ఎదురుతిరిగి, కొత్త పాత్రను సృష్టించుకునేటప్పుడు తన పాయింట్లన్నీ బలానికి ఇవ్వక అందానికి పోస్తాడు. చూసినవాళ్ళు నవ్వుతారు. లాభసాటి లెక్కల ప్రకారం ఆడటం మానినవాడికి ఆ లోకంలో అంతవరకూ ఎవరికీ కనపడని దారులు కనపడతాయి. చివరకు ప్రశ్న, ఆ ఆటలో ఎవరు గెలుస్తారన్నది కాదు. అసలు ఆ ఆట ఉండాలా అన్నది. ఆటలోనే పై మెట్టు ఎక్కి తృప్తిపడటం ఒకటి, ఆటను రద్దు చెయ్యటం ఇంకొకటి. సంస్కరణకూ విప్లవానికీ ఉన్న భేదం ఇదే గదా.

ఈ రకం పుస్తకాల్లో ప్రపంచమంతా ఎరిగినది 2011లో వచ్చిన ఎర్నెస్ట్ క్లైన్ "రెడీ ప్లేయర్ వన్". అది పెద్దల నవలగా వెలువడ్డా, యువపాఠకులకు నచ్చే పెద్దల పుస్తకాలకు అమెరికన్ గ్రంథాలయ సంఘం ఇచ్చే ఆలెక్స్ బహుమతి 2012లో దానికి వచ్చింది. 2018లో స్పీల్‌బర్గ్ సినిమా తీశాడు. మా కాలేజీలో ఇంగ్లీషు నవల పట్టుకోని పిల్లలు కూడా ఈ కథ చెప్పగలరు.

2040ల అమెరికా. చమురు అడుగంటింది, ఉద్యోగాలు లేవు. ఓక్లహామా నగరం శివార్లలో పాత ట్రెయిలరు ఇళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తీ. అందులో వేడ్ వాట్స్ అనే అనాథ కుర్రవాడు పినతల్లి పంచన ఉంటాడు. అతను బడికి వెళ్ళేది కూడా ఒయాసిస్ అనే వర్చువల్ లోకంలోనే. ఒయాసిస్‌ను సృష్టించిన కోటీశ్వరుడు చనిపోతూ, అందులో తాను దాచిన రహస్యాన్ని కనిపెట్టినవాడికి ఆస్తీ, ఆ లోకంమీద అధికారమూ చెందుతాయని వీలునామా రాస్తాడు. ఒక పెద్ద కంపెనీ వేలాది జీతగాళ్ళను పెట్టి ఆ రహస్యం కోసం వెతికిస్తుంది. పిల్లలకూ కంపెనీకీ పోటీ.

ఈ నవలలో ఒక చోట నేను ఆగిపోయాను. అప్పు తీర్చలేనివాళ్ళను ఆ కంపెనీ పట్టుకుపోయి పనిలో పెడుతుంది. వాళ్ళు కంపెనీ భవనంలోనే ఉండాలి, కంపెనీ తిండి తినాలి. ఆ తిండి ఖర్చూ, ఆ గది అద్దే అప్పుకు చేరతాయి. అప్పు తీరదు. వేడ్ కావాలనే ఆ చెరలో ప్రవేశించి, ఫిర్యాదు చేసే ఖాతాదార్లకు గంటల తరబడి జవాబులు చెబుతాడు. తెలుగునాట వెట్టిచాకిరీ సంగతి, పాలేరు పద్దు సంగతి తెలిసినవాడికి ఇందులో కొత్త లేదు. ధాన్యం పద్దు స్థానంలో కంప్యూటరు పద్దు వచ్చింది, అంతే. మన దేశంలో వెట్టిని రద్దుచేస్తూ 1976లో చట్టం వచ్చింది. అదే వెట్టిని 2040ల అమెరికాలో ఊహించటానికి క్లైన్‌కు పెద్ద కష్టం కలగలేదంటే, అప్పు అనే బంధం ఆ దేశంలోనూ ఎంత బిగిసి ఉన్నదో తెలుస్తుంది.

కాని రచయిత ఈ చోటు నుంచి త్వరగా వెళ్ళిపోతాడు. వేడ్‌కు ఆ చెర ఒక సాహసఘట్టం. కావలసిన రహస్యాలు దొంగిలించి తప్పించుకుంటాడు. తక్కినవాళ్ళ విడుదల కథకు ముఖ్యవిషయం కాదు. చివరకు వేడ్ గెలిచి ఒయాసిస్ యజమాని అవుతాడు, స్నేహితులతో పంచుకుంటాడు. చెడ్డ యజమానికి బదులు మంచి యజమాని. దివాణంలో దుష్టుడైన దివాను పోయి ధర్మప్రభువు రావటంతో ముగిసే మన పాత జానపద కథలు ఇంతకంటె ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. క్లైన్ కింకరులను చూశాడు. చూసి, వాళ్ళ పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు.

కథ ఆగిన చోటు నుంచి పెట్టుబడి ముందుకు పోయింది. "మెటావర్స్" అన్న మాట 1992లో నీల్ స్టీఫెన్‌సన్ రాసిన "స్నో క్రాష్" అనే నవలలోది. అందులో అది అందమైన భవిష్యత్తుకు పేరు కాదు; కంపెనీల చేతికి చిక్కి చితికిపోయిన సమాజంలో జనం తలదాచుకునే చోటు. 2014లో హెడ్‌సెట్లు చేసే ఓక్యులస్‌ను కొనుక్కున్న ఫేస్‌బుక్ కంపెనీ, 2021 అక్టోబరులో మెటా అని పేరు మార్చుకున్నది. రచయిత హెచ్చరికగా రాసినదాన్ని వ్యాపారి నమూనాగా చదువుకున్నాడు. ఆ విభాగం 2022 ఒక్క ఏడాదిలోనే 1,300 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపింది. అంత నష్టాన్ని భరించి ఒక లోకాన్ని కడుతున్నవాడు రేపు దాని వాకిట్లో ఏ సుంకం వసూలు చేస్తాడన్నది, పిల్లల నవల అడగవలసిన ప్రశ్నే.

ఆ ప్రశ్నను కింకరుల పక్షం నుంచి అడిగిన రచయిత నాకు తెలిసినంతలో కోరీ డాక్టొరో. ఆయన 2004లో "ఆండాస్ గేమ్" అనే కథ రాశాడు. ఆండా అనే ఇంగ్లీషు పిల్ల ఆటలో మంచి యోధురాలు. ఎవరో డబ్బిచ్చి, ఆటలోని కొన్ని గుడిసెల మీద దాడి చెయ్యమంటారు. వెళ్ళి చూస్తే ఆ గుడిసెల్లో ఆయుధాలు లేని పాత్రలు కూచుని చొక్కాలు కుడుతూంటాయి. ఆ పాత్రల వెనక ఉన్నది మెక్సికోలో కూలికి ఆడుతున్న ఆడపిల్లలు. తాను సరదాకు చంపినది వాళ్ళ ఆ రోజు కూలిని అని ఆండాకు అర్థమవుతుంది. సరుకు రూపంలో మనుషుల మధ్య సంబంధం దాగిపోతుందని మార్క్సు 1867లో వివరించాడు. ఆ దాగినది ఒక్కసారి పైకి లేచి పిల్ల కళ్ళలోకి చూడటమే ఈ కథ.

2010లో వచ్చిన "ఫర్ ది విన్" దీని విస్తృతరూపం. ఇందులో ఆటలు హెడ్‌సెట్టువి కావు, కంప్యూటరు తెరమీదివే. అయితే లక్షలాది జనం ఒకేసారి మసిలే లోకాలు అవి. బొంబాయి ధారావిలో మాలా అనే పిల్ల, ఇంటర్నెట్టు దుకాణంలో కుర్రాళ్ళను పోగుచేసి సైన్యం నడుపుతుంది. బెనర్జీ అనే దళారి ఆమెకు డబ్బిచ్చి, ఆటలో బంగారం తవ్వే కూలీలను కొట్టించే పని పెడతాడు. ఆమె స్నేహితురాలు యాస్మిన్ ఆ పని మానేసి, కూలీల పక్షం చేరుతుంది. చైనాలో మాథ్యూ, అతని సహచరులు యజమానిని వదిలేసి సొంతంగా బతకాలని చూసి దెబ్బలు తింటారు. సింగపూరులో పెద్దక్క నార్ అనే ఆవిడ వీళ్ళందరినీ ఒక సంఘంలో చేర్చే పని చేస్తుంది. 1905లో షికాగోలో పుట్టిన ప్రపంచ పారిశ్రామిక కార్మికుల సంఘం సభ్యులను వాబ్లీలు అనేవారు. వీళ్ళు తమను వెబ్లీలు అనుకుంటారు.

ఈ నవలలో నాకు కనువిప్పు కలిగించిన విషయం ఒకటున్నది. ఒక దేశంలో బట్టలమిల్లు కార్మికులు సమ్మె చేస్తే యజమాని మిల్లును మరో దేశానికి తీసుకుపోతాడు. రెండు దేశాల కార్మికులూ ఒకరి ముఖం ఒకరు చూడరు. ఆటలో అట్లా కాదు. ధారావి పిల్లా, షెంజెన్ కుర్రవాడూ ఒకే కొండ మీద, ఒకే గుహ ముందు నిలబడి ఉంటారు. యజమాని తన లాభం కోసం కట్టిన ఆ లోకమే వాళ్ళు కలుసుకునే చోటు అవుతుంది. ఫ్యాక్టరీ కార్మికులను ఒక కప్పు కిందికి చేర్చినట్టే ఆట వీళ్ళనూ చేర్చింది. నేను పలాయనం అన్న చోట డాక్టొరో సమీకరణను చూశాడు.

ఇది కల్పన అని తోసిపుచ్చటానికి వీలులేదు. 2007లో జూలియన్ డిబెల్ అనే పాత్రికేయుడు చైనాలోని నాన్‌జింగ్ వెళ్ళి, ఆటలో నాణేలు పోగుచేసే కూలీలను చూసి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాశాడు. పన్నెండు గంటల రాత్రి షిఫ్టు, వారానికి ఏడు రాత్రులు, గంటకు సుమారు 30 సెంట్లు. మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ హీక్స్ 2008లో వేసిన అంచనా ప్రకారం ఈ పనిలో 4 లక్షల మంది ఉన్నారు. సగటు సంపాదన నెలకు 145 డాలర్లు. 2021లో కరోనాకు పనులు పోయిన ఫిలిప్పీన్స్ పేదలు ఆక్సీ ఇన్ఫినిటీ అనే ఆటలో చేరారు. ఆట ఆడటానికి కావలసిన జంతువులను కొనలేనివాళ్ళకు వాటి సొంతదార్లు అరువిచ్చి, సంపాదనలో వాటా తీసుకునేవారు. కౌలుదారుకు ఎడ్లనిచ్చి పాలు తీసుకునే పద్ధతి ఇది. ఆడేవాళ్ళకు వాళ్ళు పెట్టిన పేరు "స్కాలర్లు". ఆ ఆట నాణెం విలువ పడిపోయింది. 2022 మార్చిలో 60 కోట్ల డాలర్లకు పైగా దొంగల పాలయింది. నాణేలకోసం రాత్రులు మేలుకున్నవాళ్ళకు మిగిలింది నిద్రలేమి.

మరొక సంగతి. నేను చప్పట్లు కొట్టించుకున్న ఆ 2021 డిసెంబరులోనే అమెరికాలోని విస్కాన్సిన్‌లో, రేవెన్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థలో ఆటలు పరీక్షించే కాంట్రాక్టువాళ్ళు పన్నెండు మందికి ఉద్వాసన చెప్పారు. తోటివాళ్ళు పని ఆపి సమ్మెకు దిగారు. 2022 మేలో అనుకూలంగా 19, వ్యతిరేకంగా 3 ఓట్లతో సంఘం పెట్టుకున్నారు. మా కుర్రవాడి పత్రంలో డాక్టొరో నవల గురించి రాసిన పుటలు చదువుతున్నప్పుడు, ఆ నవలలోని పని ఆ వారమే జరుగుతున్నది. నేను గడియారం చూసుకుంటున్నాను.

డాక్టొరో నవలలో లోపాలు లేకపోలేదు. కథ పరుగెత్తుతూ ఉండగా ఆపి, ద్రవ్యోల్బణం గురించీ వాటాల బజారు గురించీ ఉపన్యాసాలిస్తాడు. అధ్యాపకుణ్ణి గనక నాకు నచ్చాయిగాని పద్నాలుగేళ్ళ పాఠకుడు పేజీలు తిప్పేస్తాడు. అమెరికా కుర్రవాడొకడు సరుకు కంటెయినరులో దాక్కుని చైనా చేరి పోరాటంలో కలుస్తాడు. అమెరికా పాఠకుడికి చెయ్యిపట్టి నడిపించేవాడు కావాలి గనక ఈ పాత్ర అవసరమయింది. ధారావి వర్ణనలో అనుభవం కంటె పరిశోధన పాలు ఎక్కువ. మాలా నోట మన మురికివాడ పిల్ల మాట పలకదు. అంతమాత్రాన ఆయన్ను తప్పుపట్టలేం. ఆ మాట పలికించవలసినవాళ్ళం మనం.

మనం ఏం చేశాం? మన ఇళ్ళలో ఆటల గురించిన మాట నిషేధంతో మొదలై నిషేధంతో ముగుస్తున్నది. పబ్జీని 2020 సెప్టెంబరులో నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. జూదానికి బలి అయిన కుటుంబాలను చూసినవాణ్ణి గనక ఆ చట్టాల అవసరాన్ని కాదనను. కాని అవి ఆడేవాణ్ణి గురించిన చట్టాలు. ఆటను మోసేవాడి రాత్రుల గురించి మాట్లాడే గొంతు సాహిత్యంలో కూడా లేకపోతే మరెక్కడుంటుంది? పొలం కూలీ గురించి, రిక్షా కార్మికుడి గురించి రాయటానికి మన సాహిత్యానికి కొంతకాలం పట్టింది. ఇప్పుడు తెరముందు కూచుని గోడకేసి నడిచే కూలీ వంతు వచ్చింది. అతన్ని కార్మికుడుగా గుర్తించటానికి అతని చేతులకు మట్టి అంటి ఉండాలని మనం పట్టుబడుతున్నాం.

తెలుగులో పద్నాలుగేళ్ళ పాఠకుడి కోసం ఈ పని చేసిన నవల నా కంటపడలేదు. చందమామ వయసు దాటినవాడికీ, పెద్దల నవల అందనివాడికీ మధ్య మన సాహిత్యంలో పెద్ద ఖాళీ ఉన్నది. ఆ ఖాళీలో పిల్లలు ఊరికే కూచోరు. ఎవరి లోకంలో చోటు దొరికితే అక్కడికి వెళతారు. వెళ్ళిన పిల్లను పలాయనవాది అని తిట్టే హక్కు, ఆమెకు మరో తలుపు తెరవని రచయితకు లేదు.

మొన్న జూన్‌లో ఆ కుర్రవాడు ఫోను చేశాడు. ఒక ఉత్తరం చూసిపెట్టమన్నాడు. తనతో పనిచేసేవాళ్ళు కంపెనీకి ఇవ్వబోయే ఉత్తరం అది. కోరికలు మూడే. హెడ్‌సెట్టు పెట్టుకున్న ప్రతి గంటకూ పదిహేను నిమిషాల విరామం. రాత్రి షిఫ్టు అయినాక ఆడపిల్లలను ఇంటికి చేర్చే బండి. పరీక్షించిన ఆట చివర తమ పేర్లు. ఇంగ్లీషులో ఒక కాపీ, తెలుగులో ఒక కాపీ. తెలుగు కాపీలో నేను మూడు అక్షరదోషాలు దిద్దాను. వాక్యాలను మాత్రం ముట్టుకోలేదు. అడుగున ముప్ఫై ఒక్క సంతకాలు ఉన్నాయి. ఆటల చివర కనిపించని ఆ పేర్లను నేను ఒక్కొక్కటే చదివాను.

ఇంతవరకూ దానికి జవాబు రాలేదు. ఈ డిసెంబరు గోష్ఠిలో ఆనాటి పత్రాన్ని మళ్ళీ చదవమని అతన్ని అడిగాను. అధ్యక్షుడుగా కాక శ్రోతగా వస్తానని చెప్పాను. ఆదివారం సెలవు దొరికితే వస్తానన్నాడు.